ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చలు: మీ ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఉప్పునీటి అక్వేరియం చేపల జబ్బుల గురించే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ సరదా ఈ మధ్య బాగా పెరిగింది. చేపలేమో చెన్నై నుంచో విశాఖ నుంచో పార్సిల్లో వస్తాయి, వచ్చిన సాయంత్రమే ట్యాంకులోకి వెళ్లిపోతాయి, పది రోజులు తిరక్కుండా ఉత్తరం నాకు వస్తుంది. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మూడడుగుల ట్యాంకు పెట్టి ఏడు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, రెండు డామ్సెల్స్, ఒక ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి), రెండు రొయ్యలు ఉన్నాయి. కొత్తగా ఒక బ్లూ టాంగ్ తెచ్చాం. పది రోజులకి దాని ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లమచ్చలు వచ్చాయి. షాపతను ఇచ్చిన నీలం మందు వేస్తే నాలుగు రోజుల్లో పోయాయి. హమ్మయ్య అనుకున్నాం. వారం తర్వాత అన్ని చేపలకీ వచ్చేశాయి. మందు పనిచేసినట్టా, చెయ్యనట్టా? — ఒక పాఠకుడు, నరసన్నపేట

పనిచెయ్యలేదండీ. మందు వెయ్యకపోయినా ఆ మచ్చలు నాలుగు రోజుల్లో పోయేవే. నా మొదటి ట్యాంకులో నేనూ ఇలాగే మచ్చలు పోయాయని నిశ్చింతగా ఉండి, రెండో విడతలో అయిదు చేపల్ని పోగొట్టుకున్నాను. అందుకే ఈ ఒక్క సంగతి మీకు వివరంగా చెప్పాలని ఉంది.

దీన్ని కలిగించేది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. చేప చర్మం పైపొర కిందికి, మొప్పల్లోకి దూరి అక్కడే తింటూ 3 నుంచి 7 రోజులు ఉంటుంది, మనకి కనిపించే తెల్లమచ్చ అదే. కడుపు నిండాక తనంతట తనే చేపని వదిలి కిందికి దిగిపోతుంది, ఎక్కువగా చీకటి వేళల్లో. ఇసుకకో రాయికో అద్దానికో అంటుకుని చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో అది విడిపోతూ విడిపోతూ వందల కొద్దీ పిల్లలవుతుంది, గూడు పగిలి అవన్నీ ఈదుతూ చేపల కోసం వెతుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మన ట్యాంకు అంతా కలిపి నాలుగు వందల లీటర్లు కూడా ఉండదు కాబట్టి దొరకకపోవడం అనేదే ఉండదు. సముద్రంలో ఒకటో రెండో అంటుకుని పోయే పురుగు మన గాజుపెట్టెలో చేపల ప్రాణం తీసేది ఇందుకే.

మచ్చలు పోయిన ఆ వారంలో జబ్బు మీ ఇసుకలో ఉందన్నమాట. చర్మం కింద ఉన్నప్పుడు గానీ గూట్లో ఉన్నప్పుడు గానీ దాన్ని ఏ మందూ అందుకోలేదు, ఈదుతూ తిరిగే ఆ కొద్ది గంటల్లోనే చంపగలం. మందు రోజుల తరబడి నీళ్లలో ఉండాల్సింది అందుకే.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. చేపలన్నిటినీ బయటికి తియ్యండి, మచ్చలు లేని వాటిని కూడా, ఒక్కటి మిగిలినా పురుగు దాని మీద బతికేస్తుంది. వాటిని వేరే తొట్టెలో పెట్టి కాపర్ మందుతో వైద్యం చెయ్యండి (ఎలాగో కింద రాజాం వారికి రాశాను). ఎనిమోన్, రొయ్యలు, రాళ్లు ఉన్నచోటే ఉండనివ్వండి, వాటిని ఈ పురుగు తినదు. అసలు ట్యాంకులో 76 రోజుల పాటు ఒక్క చేప కూడా ఉండకూడదు. ఇన్ని రోజులెందుకంటే, ఆ గూడు పగలడానికి సాధారణంగా మూడు రోజుల నుంచి నాలుగు వారాలు పట్టినా, పరిశోధనల్లో 72 రోజుల దాకా పట్టిన గూళ్లు కూడా కనిపించాయి. ఇక్కడి వేడికి తొందరగానే పగలొచ్చు గానీ నేను మాత్రం రోజులు తగ్గించను, మీరూ తగ్గించొద్దు. ఆ రెండున్నర నెలలూ ఫిల్టర్ తిరుగుతూనే ఉండాలి, రొయ్యలకి కొద్దిగా మేత వెయ్యాలి. వైద్యం తొట్టెలో ముంచిన వల గానీ, మగ్గు గానీ, తడి చెయ్యి గానీ అసలు ట్యాంకులో పెట్టకూడదు.

మందు దొరకని వాళ్లకి ఇంకో దారి ఉంది, తొట్టెలు మార్చడం. రెండు ప్లాస్టిక్ టబ్బులు, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్లు రెండు చాలు. సరిగ్గా 72 గంటలకొకసారి చేపని కొత్త ఉప్పునీళ్లున్న రెండో టబ్బులోకి మార్చాలి, పాత నీళ్లు చుక్క కూడా వెంట రాకూడదు. ఖాళీ చేసిన టబ్బు, పైపు, ఎయిర్ స్టోన్ అన్నీ కడిగి ఎండలో పూర్తిగా ఎండబెట్టాలి. ఎండకి మనకేం కొదవ లేదు కదా. ఇలా నాలుగు సార్లు మారిస్తే 12 రోజుల్లో చేప మీదున్నవన్నీ రాలి వెనకే ఉండిపోతాయి. తెల్లమచ్చకి మాత్రమే ఇది పనిచేస్తుంది, గంటలు లెక్కపెట్టుకుని చేసేవాళ్లకే పనిచేస్తుంది.

ఇంకొక్క మాట, బ్లూ టాంగ్ ఎదిగితే అడుగు దాకా పెరిగే చేప. మూడడుగుల ట్యాంకు దానికి చాలదు, ఆ ఇరుకులో పడే టెన్షన్ కూడా ముందు దానికే జబ్బు రావడానికి ఒక కారణం. నయమయ్యాక పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి ఇచ్చెయ్యండి.

ప్రశ్న: మా మావయ్య రొయ్యల చెరువులు చేస్తారు. తెల్లమచ్చకి కాపర్ వాడాలని మీరు ఇంతకుముందు రాశారు కదా, అదంతా మైలుతుత్తమే, ఎరువుల కొట్లో దొరుకుతుంది, ఒక చిటికెడు ట్యాంకులో వేసెయ్ అంటున్నారు. వెయ్యొచ్చా? — రాజాం నుంచి

మీ మావయ్యగారి మాట సగం నిజం. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటే, చేపల వైద్యంలో ఎప్పట్నుంచో ఉన్నదే. మిగతా సగం దగ్గరే చేపలు పోతాయి.

లెక్క చూడండి. మైలుతుత్తంతో అయితే నీళ్లలో లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల కాపర్ ఉండాలి. తగ్గితే పురుగు చావదు, కొంచెం ఎక్కువైతే చేప చస్తుంది, మధ్యలో ఉన్న సందు అంతే. వంద లీటర్ల తొట్టెకి 20 మిల్లీగ్రాముల కాపర్ కావాలి. మైలుతుత్తంలో పాతిక శాతమే కాపర్ కాబట్టి సుమారు 80 మిల్లీగ్రాముల పొడి. చిటికెడంటే అంతకి కొన్ని రెట్లు. ఎకరాల చెరువులో తేడా తెలియదు, ఇంట్లో తొట్టెలో సాయంత్రానికే తెలిసిపోతుంది. పైగా ఎరువుల కొట్లో దొరికేది పంటల కోసం చేసింది, అందులో ఇంకేమేం కలిసున్నాయో డబ్బా మీద రాయరు.

చేపల కోసమే తయారుచేసిన కాపర్ మందు కొనండి, దాంతో పాటు కాపర్ టెస్ట్ కిట్ కూడా కొనండి. రెండిట్లో ఒకదానికే డబ్బులుంటే మందు కొనకుండా పై జవాబులో చెప్పిన తొట్టెల పద్ధతి చేసుకోండి, కొలవకుండా కాపర్ వెయ్యడం కంటే అదే మేలు. మోతాదు మాత్రం మందు మీద రాసిందే పాటించాలి, ఎందుకంటే అన్ని కాపర్ మందులూ ఒకటి కావు. కొన్నిటికి లీటరుకి 0.5 మిల్లీగ్రాములని ఉంటుంది. కాపర్‌ని ఇంకో పదార్థంతో కట్టి ఉంచిన రకాలకి 1.5 నుంచి 2.5 దాకా ఉంటుంది. ఒకదాని అంకె ఇంకోదానికి వాడితే ప్రమాదం. టెస్ట్ కిట్ కూడా మీ మందు రకానికి సరిపోయేదే ఉండాలి.

అసలు ట్యాంకులో మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు. రొయ్య, నత్త, ఎనిమోన్, పగడం, ఇవన్నీ చేపకి సరిపడే కాపర్‌కే చచ్చిపోతాయి. రాళ్లు, ఇసుక కాపర్‌ని పీల్చేసుకుంటాయి కాబట్టి మోతాదు ఎంత వేసినా నిలబడదు. అందుకే వైద్యం తొట్టెలో ఇసుక, రాయి ఏమీ ఉండకూడదు. ఖాళీ గాజు తొట్టె గానీ ప్లాస్టిక్ టబ్బు గానీ, ఒక స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ స్టోన్, దాక్కోడానికి రెండు పివిసి పైపు ముక్కలు, అంతే.

మొదటి రోజే పూర్తి మోతాదు పొయ్యకుండా మూడు నాలుగు రోజుల్లో మెల్లగా పెంచండి, టాంగ్ లాంటివి కాపర్‌ని అంత తేలిగ్గా తట్టుకోలేవు. మోతాదు అందుకున్నాక 30 రోజులు అది పడిపోకుండా చూడాలి. నెల మధ్యలో ఒక రోజు తగ్గినా మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క. ఎక్కువమంది తప్పేది నీళ్లు మార్చేటప్పుడు. కొత్త తొట్టెలో అమ్మోనియాని తినే సూక్ష్మజీవులు ఉండవు కాబట్టి నీళ్లు తరచుగా మార్చక తప్పదు, మార్చే ఆ కొత్త నీళ్లలో కూడా అంతే కాపర్ కలిపి పొయ్యాలి. అమ్మోనియాని కట్టేసే సీసా మందులుంటాయి చూడండి, వాటిని కాపర్‌తో కలపొద్దు, చాలా రకాల కాపర్ మందులు దాంతో విషమవుతాయి.

వైద్యం అయ్యాక ఆ నీళ్లని చెరువులోకో బావి గట్టునో పారబొయ్యకండి. అక్కడి నత్తలు, పీతలు కూడా ప్రాణులే.

ప్రశ్న: మా చేపలకి మచ్చలేమీ కనిపించలేదు. శుక్రవారం మేత మానేశాయి, పంపు ముందు నిలబడి గబగబా ఊపిరి తీశాయి, ఆదివారానికి నాలుగూ పోయాయి. పక్కనుంచి చూస్తే ఒంటి మీద ధూళి పట్టినట్టు అనిపించింది. ఒక్క క్లౌన్ చేప మిగిలింది. దాన్నైనా కాపాడండి. — విజయనగరం

మీ ఉత్తరం చదివి చాలా బాధ కలిగింది. మీరు చెప్పిన గుర్తులన్నీ వెల్వెట్ అనే జబ్బువి, దాన్ని తెచ్చేది అమైలూడినియం అనే ఇంకో పురుగు. అది ముందు మొప్పల్నే పడుతుంది, ఒంటి మీద కనిపించే సరికే చేప ఊపిరాడని స్థితిలో ఉంటుంది. తెల్లమచ్చ ఉప్పు రవ్వలా ఉంటే ఇది జల్లెడ పట్టిన పిండిలా ఉంటుంది. చీకట్లో టార్చి పక్కనుంచి వేసి చూస్తే బంగారు రంగు ధూళి మెరుస్తుంది.

మిగిలిన చేపని ఈ రోజే తియ్యండి, ఆదివారం దాకా ఆగొద్దు. ముందు అయిదు నిమిషాలు మంచినీటి స్నానం (ఎలాగో కింద పలాస వారికి రాశాను), ఆ వెంటనే కాపర్ తొట్టె. ఈ జబ్బుకి మాత్రం మోతాదుని ఒకటి రెండు రోజుల్లోనే అందుకోవాలి, చేపకి అంత టైమ్ ఉండదు. ఎయిర్ బాగా పెట్టండి. తొట్టెలు మార్చే పద్ధతి గానీ, ఉప్పు తగ్గించే పద్ధతి (కింద చీపురుపల్లి వారికి రాశాను) గానీ వెల్వెట్‌కి పనిచెయ్యవు. క్లోరోక్విన్ ఫాస్ఫేట్ పనిచేస్తుంది, లీటరుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఏజెన్సీ వైపు మలేరియాకి అందరికీ తెలిసిన మందే అది. అయితే మాత్రల్లో వేరే పదార్థాలు కలిసి ఉంటాయి, మాత్ర నలిపి వెయ్యడం సరికాదు, శుద్ధమైన పొడి పశువైద్యుల చీటీతోనే తీసుకోండి. ట్యాంకు మళ్లీ 76 రోజులు ఖాళీ.

క్లౌన్ చేపల విషయంలో ఇంకోటి గుర్తుంచుకోండి. ఒంటి మీద జిగురు తెల్లటి పొరలుగా ఊడి వస్తుంటే అది వెల్వెట్ కాదు, బ్రూక్లినెల్లా అనే ఇంకో జబ్బు. దానికి కాపర్ లొంగదు, ఫార్మలిన్ స్నానం కావాలి. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం, గ్లవ్స్ లేకుండా, గాలి ఆడని గదిలో, పిల్లల ముందు ముట్టుకోవద్దు. సీసా అడుగున తెల్లగా పేరుకుని ఉంటే అది చేపలకి ఇంకా ఘోరమైన విషం, దాన్ని వాడకండి.

ప్రశ్న: మంచినీటి చేపలకి తెల్లమచ్చ వస్తే హీటర్ 30కి పెట్టి కల్లుప్పు వేస్తే తగ్గిపోయింది. ఉప్పునీటి చేపలకీ అదే చెయ్యొచ్చా? వెల్లుల్లి రసం మేతలో కలపమని కూడా చెప్తున్నారు. — చీపురుపల్లి

పేరు ఒకటే, పురుగు వేరు. మంచినీటి దాన్ని ఉప్పు చంపుతుంది, ఇది ఉప్పులోనే పుట్టింది. వేడి పెంచితే దీని చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది, పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. వెల్లుల్లికి చేప ఆశగా తింటుందేమో గానీ పురుగు పోదు. క్లీనర్ రొయ్య దీన్ని ఏరి తింటుందని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. యూవీ దీపం కొంత తగ్గిస్తుంది, నయం చెయ్యదు.

నిజానికి ఉప్పు పెంచడం కాదు, తగ్గించడమే ఒక వైద్యం. నీళ్ల సాంద్రతని (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.025 నుంచి రెండు రోజుల్లో మెల్లగా 1.009కి దించి, ఆఖరి మచ్చ పోయిన దగ్గర్నుంచి 30 రోజులు అక్కడే ఉంచాలి. 1.011 దగ్గర ఆగిపోతే ఫలితం దక్కదు, అందుకే తేలే బుడ్డి హైడ్రోమీటర్ చాలదు, రొయ్యల వాళ్ల దగ్గరుండే రిఫ్రాక్టోమీటర్ కావాలి. తిరిగి పెంచేటప్పుడు ఇంకా మెల్లగా, నాలుగైదు రోజులు తీసుకోండి. ఇదీ చేపలు మాత్రమే ఉన్న తొట్టెలోనే.

ప్రశ్న: కళింగపట్నం నుంచి సముద్రపు నీళ్లు డబ్బాల్లో తెచ్చి వాడుతున్నాను. వాటివల్లే జబ్బు వస్తోందా? — శ్రీకాకుళం

రావచ్చు, కానీ నాకు ఇంకో అనుమానం ఎక్కువ. కళింగపట్నం దగ్గర వంశధార కలుస్తుంది, కల్లేపల్లి దగ్గర నాగావళి. వరద రోజుల్లో ఆ ఒడ్డున పట్టిన నీళ్లు సగం నదివే. వానాకాలం అయ్యాక అక్టోబరు, నవంబరుల్లో గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్లు కూడా తీరం వెంబడి కిందికి దిగి వస్తాయి, అప్పుడు 35 ఉండాల్సిన సెలినిటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో ఉప్పు పాళ్లు) 30 లోపుకి కూడా పడిపోతుంది. ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ ఉప్పు మారిపోతుంటే చేప నీరసపడుతుంది, నీరసపడ్డ చేపని పురుగు తేలిగ్గా పడుతుంది. ఎండాకాలంలో, నది కలిసే చోటుకి దూరంగా, అల తెల్లగా ఉన్నచోట పట్టండి. ప్రతి డబ్బా కొలవండి.

పురుగు భయానికి మన తీరంలోని రొయ్యపిల్లల హేచరీలు చేసినట్టు చెయ్యండి. బ్లీచింగ్ వేసి, ఒక రోజు గాలి కొట్టి, సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్ తీసేసి, క్లోరిన్ టెస్ట్ సున్నా చూపించాకే వాడండి. రాళ్లు మాత్రం సముద్రంలోంచి తేవద్దు. పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి, వాటిని తీసుకురావడం నేరం.

ప్రశ్న: చేప ఒళ్లు రాళ్లకేసి రాసుకుంటోంది, కళ్లు మబ్బుపట్టాయి, మచ్చల్లేవు. — పలాస

ఇది చర్మం మీద పాకే చదును పురుగు కావచ్చు, ఫ్లూక్ అంటారు. ఒంటి రంగులోనే ఉంటుంది కాబట్టి కనపడదు. తేల్చుకోడానికి మంచినీటి స్నానం చేయించండి. ఆర్‌ఓ నీళ్లకి గంటసేపు గాలి పెట్టి, వేడి ట్యాంకుతో సమానంగా చేసి, చిటికెడు చిటికెడుగా వంటసోడా వేస్తూ పీహెచ్ 8.2 దగ్గరికి తేవాలి. అందులో చేపని అయిదు నిమిషాలు ఉంచండి, పక్కనే కూర్చోండి, ఫోను పట్టుకోవద్దు. ఫ్లూక్స్ ఉంటే తెల్లబడి నువ్వుగింజల్లా గిన్నె అడుగున రాలతాయి. చేప మొదట్లో పక్కకి ఒరిగితే కంగారు పడకండి, మరీ కొట్టుకుంటుంటే మాత్రం ముందే తీసెయ్యండి.

ఇది తేల్చుకోడానికే, వైద్యం ప్రాజిక్వాంటెల్‌తో. లీటరుకి 2.5 మిల్లీగ్రాములు, నీళ్లలో తొందరగా కరగదు కాబట్టి చిన్న సీసాలో బాగా గిలకొట్టి పొయ్యాలి. గుడ్లని ఇది చంపలేదు, అందుకే అయిదారు రోజులకి రెండోసారి తప్పనిసరి. ఈ మందు వేసిన రోజుల్లో నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ వైపే తీరం దాటింది, కరెంటు లేని ఆ రోజులు మీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకున్నాకే మందు మొదలుపెట్టండి.

ప్రశ్న: అంకుల్, నేను ఎనిమిదో తరగతి. మా క్లౌన్ చేపని నాన్న మందు తొట్టెలో పెట్టారు. నెల రోజులు అక్కడే ఉండాలట. దానికి ఇసుక లేదు, ఎనిమోన్ లేదు. ఒక్కతే భయపడదా? ఆ జబ్బు మాకు అంటుకుంటుందా? — బొబ్బిలి

ఆ పురుగు మనుషులకి అంటదు తల్లీ. చేతి మీద పుండు గానీ కోత గానీ ఉంటే మాత్రం నీళ్లలో చెయ్యి పెట్టకు, వేరే సూక్ష్మజీవులు ఉండొచ్చు. మిగతా రోజుల్లో కూడా పని అయ్యాక సబ్బుతో కడుక్కో.

భయం సంగతి నువ్వు అడిగావు, పెద్దవాళ్లెవరూ అడగలేదు. ఎనిమోన్ లేకపోయినా క్లౌన్ చేప బతుకుతుంది, దూరి పడుకోడానికి ఒక చోటుంటే చాలు. నాన్నగారిని అడిగి పెద్ద పివిసి ఎల్బో ఒకటి కడిగి పెట్టించు. మట్టికుండ పెంకు పెట్టొద్దు, అది మందుని పీల్చుకుంటుంది. తొట్టెకి మూడు వైపులా కాగితం అంటించు, మనుషులు నడుస్తుంటే ఉలిక్కిపడకుండా. లైటు తక్కువ పెట్టు. రోజుకి మూడుసార్లు కొంచెం కొంచెం మేత వెయ్యి, రెండు నిమిషాల్లో తినగా మిగిలింది తీసెయ్యి. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి మేత తిన్నదా, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీసింది, కాపర్ ఎంత ఉంది అని రాస్తూ ఉండు. నెల అయ్యాక కూడా అసలు ట్యాంకుకి 76 రోజులు నిండేదాకా దాన్ని మందు లేని ఇంకో శుభ్రమైన తొట్టెలో ఉంచాలి, నాన్న తొందరపడితే ఆ పుస్తకం చూపించు. వచ్చే ఉత్తరంలో ఆ పేజీలు నాకు కూడా పంపించు, చూస్తాను.